ఓబులమ్మ చెప్పిన తప్పు

నల్లరాతి గుట్ట కింద ఒక చెలమ ఉంది. రోహిణి కార్తెలో రాళ్ళు పగిలే ఎండ కాసినా అందులో నాలుగు దోసిళ్ళ నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. చుట్టుపక్కల మూడు గుట్టల మధ్య వేసవిలో తడి కనిపించేది అక్కడొక్కచోటే. అందుకని జింకలు, కుందేళ్ళు, నెమళ్ళు, అడవిపందులు అన్నీ తెల్లారగానే అక్కడికే చేరేవి. తాగేది గుక్కెడు, మాట్లాడుకునేది గంపెడు.

చెలమకు కాపలా తీతమ్మ అనే తీతువు పిట్ట. ఎవరో పెట్టిన కాపలా కాదు. గట్టు మీద గులకరాళ్ళ మధ్య గుడ్లు పెట్టుకునేది కాబట్టి, తెలియని నీడ ఏది కదిలినా గొంతు చించుకుని అరిచేది. ఆ అరుపు వినపడితే చాలు, అందరూ తాగుతున్న నీళ్ళు వదిలేసి పరుగందుకునేవాళ్ళు. పక్కనే బలుసు పొదలో కుందేలు సాలమ్మ కాపురం. ఆవిడకు ముగ్గురు పిల్లలు. అడవంతా "తీతమ్మా" అని పిలిస్తే, ఆ ముగ్గురు మాత్రం "తీతత్తా" అని పిలిచేవాళ్ళు. మిగతా పిల్లలు పిట్టను ముద్దుపేరుతో పిలిచేంత దగ్గరకు వెళ్ళేవాళ్ళు కాదు, ముక్కుతో పొడుస్తుందని భయం.

ఇక ఓబులమ్మ సంగతి. ఆవిడ గాడిద. పదేళ్ళు ఊళ్ళో బట్టల మూటలు మోసింది. వెనక కాలు కుంటిబడ్డాక అడవి చేరింది. మాట మొరటు, నవ్వు మరీ మొరటు. ఆవిడకో అలవాటు ఉండేది. పొద్దుగూకే ముందు మెత్తటి మట్టిలో నాలుగు పొర్లు పొర్లి, వెల్లకిలా పడుకుని, తనలో తాను గొణుక్కునేది.

"ఇవాళ ఎవరిని తన్నాను? జింకపోతును. ఎందుకు? నా గడ్డి తొక్కాడు. తన్నాల్సినంత తప్పా అది? కాదు. సరే, రేపు కనపడితే చెప్పాలి."

మర్నాడు నిజంగానే జింకపోతు దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళి, "ఒరే అబ్బాయ్, నిన్న తన్నింది నాదే తప్పు. మళ్ళీ గడ్డి తొక్కావంటే మాత్రం తంతాను," అని చెప్పి వచ్చేది. అంతటితో ఆ సంగతి సరి.

ఆ ఏడు ఎండలు ముదిరే వేళకి నక్క పరాంకుశం తిరిగొచ్చాడు. చలికాలమంతా అతను కొండ దిగువ ఏదో ఆశ్రమం వంటిల్లు వెనకాల గడిపాడు. విస్తరాకుల్లో మిగిలిన మెతుకులు తింటూ, కిటికీలోంచి వచ్చే ఉపన్యాసాలు వింటూ ఒళ్ళు చేశాడు. వెళ్ళేటప్పుడు బక్కచిక్కిన దొంగ. వచ్చేటప్పుడు మెల్లగా అడుగులేసే పెద్దమనిషి. వంచిన తల ఎత్తడు, గొంతు పెంచడు.

"మిత్రులారా, పులి వస్తుందేమో, పాము వస్తుందేమో అని భయపడతాం. మన లోపల ఏముందో చూసుకోం," అన్నాడు చెలమ దగ్గర నిలబడి. "రోజూ పొద్దున నీళ్ళు తాగే ముందు, ఎవరికి వాళ్ళు తమ తప్పు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, నలుగురిలో చెప్పుకుందాం. ఆత్మపరిశీలన అంటారు దీన్ని. మనసు కడుక్కున్నాక తాగే నీళ్ళ రుచే వేరు."

అందరికీ నచ్చింది. నిజం చెప్పాలంటే, మొదటి వారం మంచే జరిగింది. నెమలి వెళ్ళి కౌజుపిట్టను క్షమించమని అడిగింది. అడవిపంది బండన్న, కోరలు పైకి తిరిగినవాడు, చూస్తేనే గుండె జారేవాడు, అందరి ముందూ ముక్కు చీదుకుంటూ ఏడ్చాడు.

"నాకు కోపం ఎక్కువ. దారికి అడ్డొచ్చిందని నెమలి పిల్లను తోసేశాను. ఎందుకు తోశానో నాకే తెలీదు."

"బాధపడకు బండన్నా," అని పరాంకుశం అతని భుజం తట్టాడు. "ఇకమీదట కోపం వస్తే నన్ను అడుగు. కోపపడొచ్చో, పడకూడదో నేను చెబుతాను."

ఆ రోజు నుంచి బండన్న పరాంకుశం వెనకే తిరగడం మొదలుపెట్టాడు.

మర్నాడు తీతమ్మ వంతు వచ్చింది.

"మొన్న తుమ్మకొమ్మ నీడ చూసి పామనుకున్నాను," అంది రెక్కలు దగ్గరికి ముడుచుకుని. "ఊరికే అరిచి అందరినీ పరిగెత్తించాను. అది నా తప్పు."

అందరూ గొల్లుమన్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఓబులమ్మ. ఆ నవ్వు గుట్టకు తగిలి తిరిగొచ్చింది.

పరాంకుశం నవ్వలేదు. "ఇలా ఎన్నిసార్లు జరిగింది తల్లీ?"

"తెలీదు."

"తెలీదంటే చాలాసార్లన్నమాట. అసలే నీ గొంతు అపశకునమంటారు. ఇన్నాళ్ళూ ఎంతమందిని ఉత్తపుణ్యానికి హడలగొట్టావో! నీ కళ్ళ మీద నీకే నమ్మకం లేనప్పుడు నోరు తెరవడం ధర్మమా? నువ్వే ఆలోచించుకో."

తీతమ్మ ఆలోచించుకుంది. ఆలోచించుకోవడమే పనైపోయింది. నీడ కదిలితే అరవబోయి, 'ఇది నిజమేనా, మళ్ళీ నా తప్పేనా' అని ఆగేది. ఆగి చూసేసరికి నీడ వెళ్ళిపోయేది. నాలుగు రోజుల్లో చెలమ గట్టు మీద అరుపన్నదే లేకుండా పోయింది. "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో!" అన్నాయి జింకలు.

ఆ ప్రశాంతంలోనే సాలమ్మ పెద్ద పిల్ల మాయమైంది.

సాలమ్మ ఏడుస్తూ చెలమ దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. పరాంకుశం కళ్ళు తుడుచుకున్నాడు. అవి తడిగా ఉన్నాయో లేదో ఎవరూ చూడలేదు.

"సాలమ్మా, గుచ్చి అడుగుతున్నానని అనుకోకు. పోయిన మంగళవారం నువ్వు చెప్పుకున్న తప్పేమిటి?"

"లేత గడ్డి కోసం... పొద వాకిలి కప్పకుండా వెళ్ళానని చెప్పాను."

"చూశావా! నీ తప్పు నీకు ముందే తెలుసు. ఇప్పుడిక ఎవరిని వెతుకుతావు? నీలోనే వెతుక్కో."

దొంగ ఎవరని అడగడానికి వచ్చిన తల్లి, తానే దొంగైనట్టు తల దించుకుని వెళ్ళిపోయింది. మిగతావాళ్ళు కూడా ఎవరి తప్పులు వాళ్ళు తలుచుకుంటూ నేలచూపులు చూశారు. పిల్ల ఎటు పోయిందని ఒక్కరూ అడగలేదు.

ఓబులమ్మకు ఒళ్ళు మండింది. సరిగ్గా అప్పుడే పరాంకుశం ఆవిడ వైపు తిరిగాడు.

"ఓబులమ్మా, ఇన్నాళ్ళూ ఏదో ఒక వంకతో నీ వంతు దాటేస్తున్నావు. ఇవాళ చెప్పాల్సిందే. నీ తప్పేమిటి?"

"నా తప్పులు నేను చూసుకుంటూనే ఉన్నాను. ఎవరికి చేశానో వాళ్ళకే చెబుతాను. నీకెందుకు చెప్పాలి?"

"అహంకారం! విన్నారా?"

"అహంకారమో, ఇంకోటో. నువ్వు అడిగేది నా తప్పు కాదు పరాంకుశం. నా మెడకు తాడు. పదేళ్ళు వేయించుకున్నాను తాళ్ళు. ఇంక వేయించుకోను."

"అయితే తప్పు చెప్పని నోరు ఈ చెలమలో పెట్టడానికి వీల్లేదు," అన్నాడు పరాంకుశం మెత్తగా. "నేననడం లేదు. అందరి మాటా ఇదే. కదా?"

ఎవరూ కాదనలేదు. బండన్న వచ్చి చెలమకు అడ్డంగా నిలబడ్డాడు. "పోక్కా, ఎందుకొచ్చిన గొడవ," అన్నాడు ఆవిడ మొహం చూడకుండా.

ఓబులమ్మ తోక విసిరి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నీళ్ళ కోసం రెండు గుట్టల అవతలి వాగు మడుగు దాకా కుంటుకుంటూ పోవాల్సి వచ్చింది. వెళ్ళి వచ్చేసరికి మధ్యాహ్నమయ్యేది. తాగిన నీళ్ళన్నీ చెమటై కారిపోయేవి. కాలు వాచింది. అయినా ఒక్కరోజు కూడా చెలమ వైపు తల తిప్పలేదు. 'చావనీ అందరినీ. నన్ను వెళ్ళగొట్టారుగా, ఆ నక్కనే పూజించుకోమను,' అనుకునేది.

పది రోజులు గడిచాయి. ఓ మధ్యాహ్నం మడుగు నుంచి తిరిగొస్తూ, అడుగు పడక, బలుసు పొదకు ఇవతల మోదుగ చెట్టు నీడలో కూలబడింది. కళ్ళు మూతలు పడుతున్నాయి. పొద అవతల నుంచి సన్నటి కేక వినిపించింది. ఏదో చిన్నప్రాణి కేక.

ఓబులమ్మ తల ఎత్తింది. 'లేచి చూద్దామా' అనుకుంది. మరుక్షణం చెలమకు అడ్డంగా నిలబడ్డ బండన్న గుర్తొచ్చాడు. 'నాకెందుకు? వాళ్ళ గోల వాళ్ళది,' అనుకుని రెండు చెవులూ వెనక్కి ముడుచుకుని పడుకుంది.

సాయంత్రానికి తెలిసింది, సాలమ్మ రెండో పిల్ల కూడా పోయిందని.

ఆ రోజు ఓబులమ్మ మట్టిలో పొర్లలేదు. నిలబడే ఉంది. 'ఇవాళ ఎవరిని తన్నాను? ఎవరినీ తన్నలేదు. మరి ఏం చేశాను?' అన్న దగ్గర ఆగిపోయింది. ఎంత తిప్పి చూసినా జవాబు ఒక్కటే. నక్క ముందు తల వంచనని గట్టిగా నిలబడింది, అది సరే. ఆ పంతం ఎప్పుడు పక్కదారి పట్టి పసిబిడ్డ మీదికి పోయిందో గమనించుకోలేదు. పిట్ట నోరు మూతపడ్డ రోజున గట్టిగా నవ్వింది కూడా తనే. ఇవన్నీ ఎవరూ అడక్కపోయినా ఆవిడకే కనిపించాయి. కనిపించాక ఇంక అక్కడ నిలబడలేకపోయింది.

మర్నాడు తెల్లారగానే ఓబులమ్మ చెలమ దగ్గర ప్రత్యక్షమైంది. అప్పటికే అందరూ చేరారు. పరాంకుశం మాట్లాడుతున్నాడు.

"నిన్న మధ్యాహ్నమంతా నేను గుట్ట మీద మౌనంలో ఉన్నాను. దిగి వచ్చాక ఈ ఘోరం విన్నాను. సాలమ్మ మళ్ళీ వాకిలి కప్పలేదని..."

"కప్పాను," అంది సాలమ్మ. ఆవిడ గొంతు ఆవిడకే వినిపించనంత చిన్నగా ఉంది. మిగిలిన ఒక్క పిల్లా ఆవిడ కడుపు కింద దూరి ఉంది.

బండన్న ఓబులమ్మను చూసి అడ్డంగా వచ్చాడు.

"నీళ్ళకు రాలేదు బండన్నా. తప్పు చెప్పడానికి వచ్చాను. జరుగు."

పరాంకుశం మొహం వెలిగిపోయింది. "రానివ్వు, రానివ్వు! ఎంతటివాళ్ళైనా చివరికి తల వంచి రావాల్సిందే."

"తల వంచడానికి రాలేదు. తప్పు నాది, తల కూడా నాదే. వంచాలో వద్దో నేను చూసుకుంటాను." ఓబులమ్మ నక్కను దాటుకుని సాలమ్మ ముందుకు వెళ్ళి నిలబడింది. "సాలమ్మా, నిన్న మధ్యాహ్నం నేను మోదుగ చెట్టు కింద ఉన్నాను. పొద అవతల నుంచి ఓ కేక విన్నాను. లేవగలిగేదాన్నే. లేవలేదు. నన్ను వెలివేశారన్న కోపంతో చెవులు ముడుచుకుని పడుకున్నాను. నీ బిడ్డ అని తెలిసి కాదు. తెలుసుకోవాలని అనుకోకపోవడమే నా తప్పు. ఇంకోటి. తీతమ్మ తన తప్పు చెప్పుకున్నప్పుడు అందరికంటే గట్టిగా నవ్వాను. అది కూడా తప్పే. ఇదీ నేను చేసింది. ఇంతకంటే తగ్గించను, ఎవరో చెప్పారని పెంచను."

సాలమ్మ పిల్లను ఇంకా దగ్గరికి లాక్కుని ఆవిడ వైపు చూసింది.

పరాంకుశం అక్కడితో ఊరుకుని ఉంటే కథ ఎలా ఉండేదో. ఊరుకోలేకపోయాడు. ఇన్నాళ్ళూ లొంగని గాడిద చేతికి చిక్కిందన్న ఆనందం అతన్ని నిలవనివ్వలేదు. ఒక్క గెంతులో చెలమ పక్కనున్న రాతి మీదికెక్కాడు.

"విన్నారా? విన్నారా దీని నిర్వాకం! నాలుగడుగుల దూరంలో పసిగుడ్డు ప్రాణం పోతుంటే, 'తీతత్తా, తీతత్తా' అని గొంతు పోయేలా పిలుస్తుంటే, చెవులు ముడుచుకుని పడుకుందట! ఇదీ మన ఓబులమ్మ! ఈ పాపానికి..."

"ఏమని పిలిచింది?"

ఆ గొంతు విని చాలా రోజులైంది కాబట్టి, మాట్లాడింది ఎవరో తెలియడానికి కొంచెం సమయం పట్టింది. గట్టు మీద తీతమ్మ లేచి నిలబడి ఉంది.

"ఏమని పిలిచింది పరాంకుశం గారూ? నిన్న మధ్యాహ్నం నేను మేతకు వెళ్ళాను, నాకేమీ వినపడలేదు."

"అదే... ఇందాక ఓబులమ్మ చెప్పింది కదా."

"నేను కేక విన్నానన్నాను. మాటలు నాకు వినపడలేదు," అంది ఓబులమ్మ.

"పిల్లలన్నాక అలాగే పిలుస్తారు. అందులో ఏముంది?"

సాలమ్మ ముందుకు వచ్చింది. ఇప్పుడు ఆవిడ గొంతు అందరికీ వినిపించింది. "తీతమ్మను తీతత్తా అని పిలిచేది ఈ అడవిలో నా పిల్లలొక్కళ్ళే. అదీ తీతమ్మతో ఒంటరిగా ఉన్నప్పుడే. నువ్వు గుట్ట మీద ఉన్నానన్నావు కదయ్యా. అక్కడికెలా వినిపించింది?"

పరాంకుశం గొంతు సవరించుకున్నాడు. "మౌనంలో ఉన్నవాళ్ళకి దూరపు శబ్దాలు కూడా తెలుస్తాయి. సాధన చేస్తే మీకూ..."

"తెలిస్తే దిగి రాలేదేం?" అన్నాడు బండన్న.

బండన్న మెడ మీది వెంట్రుకలు ఒక్కొక్కటే నిక్కపొడుచుకున్నాయి. అది చూసి నక్క రాతి మీద రెండడుగులు వెనక్కి వేశాడు.

"బండన్నా, కోపం! అది నీ శత్రువని నువ్వే ఏడుస్తూ ఒప్పుకున్నావు. కోపపడొచ్చో పడకూడదో నన్ను అడుగుతానన్నావు. పడకూడదు! నేను చెబుతున్నాను, పడకూడదు!"

బండన్న నిజంగానే ఆగిపోయాడు. ఇన్నాళ్ళ అలవాటు మరి. ఓబులమ్మ వైపు బేలగా చూశాడు.

"నన్నూ అడక్కు," అంది ఓబులమ్మ. "నెమలి పిల్లను తోసిన రోజు నీ కోపం తప్పు. ఇవాళ తప్పో కాదో లోపలికి నువ్వే చూసుకో. కళ్ళు నీకూ ఉన్నాయి."

బండన్న కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచాడు.

"చూసుకున్నాను," అని తల వంచి కోరలు ముందుకు పెట్టి దూకాడు.

అదే క్షణంలో తీతమ్మ అరిచింది. ఆ అరుపుకు చెలమ నీళ్ళు వణికినట్టనిపించింది. ఈసారి ఎవరూ పారిపోలేదు. జింకలు కొమ్ములు వంచాయి. నెమళ్ళు ముక్కులు సాచాయి. పిరికివాళ్ళమని రోజూ నలుగురిలో చెప్పుకున్న కుందేళ్ళు కూడా కాళ్ళతో మట్టి చిమ్మి నక్క కళ్ళల్లో కొట్టాయి. పరాంకుశం రాతి మీద నుంచి జారి, ముళ్ళపొదలో పడి, సగం తోక బండన్న కోరకు వదిలేసి, గుట్ట అవతలికి ఉరికాడు. ఓబులమ్మ వెంటపడలేదు. కాలు సహకరించలేదు, అంతే. సహకరించి ఉంటే ఆవిడా ఒకటి ఇచ్చుకునేదే.

దుమ్ము అణిగాక సాలమ్మ ఓబులమ్మ దగ్గరికి వచ్చింది.

"నువ్వు లేచి ఉంటే నా బిడ్డ దక్కేదేమో ఓబులమ్మా."

"అవును. దక్కేదేమో."

"నిన్ను క్షమించానని చెప్పలేను. ఇవాళ చెప్పలేను."

"చెప్పమని అడగలేదు. నీకు ఎప్పుడూ అనిపించకపోయినా నేను చేసేది ఏమీ లేదు. ఈ ఒక్క పిల్ల బయట ఆడుకుంటున్నంతసేపూ మాత్రం నేను ఈ పొద దగ్గరే ఉంటాను. వద్దన్నా ఉంటాను."

సాలమ్మ ఉండమనలేదు. వద్దనీ అనలేదు. పిల్లను మాత్రం గడ్డిలోకి వదిలింది.

చెలమ దగ్గర ఆత్మపరిశీలన ఆగిపోలేదు. కాకపోతే ఎవరిది వాళ్ళే చేసుకోవడం మొదలుపెట్టారు. తప్పు చేశామనిపిస్తే ఎవరికి చేశారో వాళ్ళ దగ్గరికే వెళ్ళి చెప్పుకునేవాళ్ళు. నీళ్ళకు, తప్పుకు సంబంధం లేకుండా పోయింది. తీతమ్మ అప్పుడప్పుడు కొమ్మ నీడను చూసి ఊరికే అరుస్తూనే ఉంది. అందరూ పరిగెత్తుతారు, తిరిగొచ్చి, "ఈసారి కూడా కొమ్మేనా?" అంటారు. "కొమ్మే. మళ్ళీ అరుస్తాను," అంటుంది తీతమ్మ.

పరాంకుశం మూడు గుట్టల అవతల ఎండిన వాగులో ఒక బొరియ చూసుకున్నాడు. అటుగా వెళ్తున్న ఉడుమును ఆపి, నల్లరాతి గుట్ట జంతువుల గురించి గంటసేపు చెప్పాడు. పంది కోపిష్టి అన్నాడు, పిట్ట పిరికిది అన్నాడు, కుందేలుకు పెంపకం తెలీదన్నాడు, గాడిద సంగతైతే చెప్పనే వద్దన్నాడు. ఉడుము ఓపిగ్గా అంతా విని, తెగిన తోక వైపు ఓసారి చూసింది.

"మరి నీ తప్పేమీ లేదా?"

పరాంకుశం మిగిలిన తోకను కాళ్ళ మధ్యకు లాక్కున్నాడు.

"ఉంది," అన్నాడు నిట్టూర్చి. "అంత మంచిగా నేర్పాను చూడు, అదే నా తప్పు."

తన తప్పు తానే వెతుక్కున్నవాళ్ళను ఎవరూ లొంగదీయలేరు, ఎదుటివాళ్ళ తప్పులే వెతికేవాణ్ణి పట్టివ్వడానికి వాడి నోరు చాలు.